ముంబై లాంచీలోంచి యుద్ధనౌకల్ని గుర్తుపట్టేదెట్లా? నంబరు చదివేలోపే దాటిపోతాయంట

పెన్నా_గట్టు (అనంతపురం):

అందరికీ నమస్తే. అక్టోబరు మొదటి వారంలో అనంతపురం నుంచి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబైకి పోతాండాం, మా తమ్ముడూ నేనూ. గేట్‌వే ఆఫ్ ఇండియా కాడ లాంచీ ఎక్కితే నావికాదళం డాక్‌యార్డు పక్కనుంచే పోతాదని, యుద్ధనౌకలు బాగా కనపడతాయని తెలిసింది. ఉత్తగా "అబ్బ, ఎంత పెద్ద ఓడో" అని చూసి రావడం కాదు, అది ఏ ఓడ, ఏ తరగతి (ఒకే నమూనాలో కట్టిన ఓడల వరస) అని ఖాయంగా చెప్పగలగాలని మా ఆశ.

అడగాలనుకున్నవి ఇవి. ఏ లాంచీ ఎక్కల్ల, ఏ పక్క కూచోవల్ల, ఏ పొద్దులో పోవల్ల? ఇంట్లో 10x50 బైనాక్యులర్ ఉంది, అది పనికొస్తాదా? పెద్ద యుద్ధనౌక డెస్ట్రాయర్‌కీ, దానికంటే చిన్నదైన ఫ్రిగేట్‌కీ చూడంగానే తేడా ఎట్లా తెలుస్తాది? ఫోన్లో ఫోటో తీసి ఇంటికొచ్చినాక తీరిగ్గా పోల్చుకుంటే సరిపోదా? నీళ్లంటే తుంగభద్ర డ్యాము తప్ప ఎరగనోళ్లం, కొంచెం విడమరిచి చెప్పండి.

---

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

ముందు ఫోటో సంగతి. తీయొద్దండి. దాని గురించి వివరంగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను లాంచీ, పొద్దు, పక్క ఈ మూడింటి గురించి రాస్తాను.

గేట్‌వే నుంచి బయలుదేరే లాంచీలు రెండు దిక్కులకు పోతాయి. ఎలిఫెంటా గుహల దీవికి పోయేవి తూర్పు-ఈశాన్యానికి, అవతలి ఒడ్డున ఉన్న మాండ్వాకు పోయేవి దక్షిణానికి. డాక్‌యార్డు గేట్‌వేకు ఉత్తరం పక్కన ఆనుకునే ఉంటుంది. కాబట్టి గేట్‌వే నుంచి మాండ్వా లాంచీ ఎక్కితే డాక్‌యార్డు మీ వీపు వెనక పడిపోతుంది, లాభం లేదు. ఎలిఫెంటా లాంచీ అయితే పోయేటప్పుడు ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క. పోయేటప్పుడు మొదటి పది నిమిషాల్లోనే చూడాల్సింది చూసేయాలి, ఆ తర్వాత ఓడలన్నీ వెనక్కి జరిగి ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వచ్చేటప్పుడు ఎదురుగా కుడి పక్క నెమ్మదిగా పెద్దవవుతూ వస్తాయి, గుర్తుపట్టడానికి అదే తీరిక.

ఇంకో దారి ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ముంబైలోనే ఉన్న భావుచా ధక్కా రేవు నుంచి మాండ్వాకు కార్లు ఎక్కించుకునే రో-రో ఓడ 2020 మార్చి నుంచి నడుస్తోంది. అది ఉత్తరం నుంచి దక్షిణానికి, బల్లార్డ్ పియర్, నేవీ డాక్‌యార్డు, గేట్‌వే వరసగా దాటుకుంటూ పోతుంది. అంటే డాక్‌యార్డు ముఖమంతా మీ కుడి పక్కన ఒక చివర నుంచి ఇంకో చివరకు సాగుతుంది. ఓడ పెద్దది కాబట్టి ఊగదు, పై డెక్కు మీద నిలబడి చూడొచ్చు. ఓడలు చూడటమే మీ పని అయితే నా ఓటు దీనికే. గుహలు కూడా చూడాలంటే ఎలిఫెంటా. సోమవారం మాత్రం పోవద్దు, ఆ రోజు గుహలు మూస్తారు.

ఇక పొద్దు. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. డాక్‌యార్డు తూర్పు ముఖంగా ఉంది, మీరు నీళ్ల మీద దానికి తూర్పున ఉంటారు. పొద్దున పూట ఎండ మీ వీపు మీదుగా పోయి ఓడల మీద పడుతుంది. బూడిద రంగు ఓడ మీద నంబరు, గన్ను, మాస్టు (రాడార్లు మోసే ఎత్తైన స్తంభం) మీద పలకలు అన్నీ విడివిడిగా తెలుస్తాయి. మధ్యాహ్నం మూడు దాటిందంటే సూర్యుడు ఓడల వెనక్కి పోతాడు, నల్లటి నీడ బొమ్మలే మిగులుతాయి. నంబరు కనిపించలేదని బైనాక్యులర్‌ని తిడతారు కానీ తప్పు దానిది కాదు. పొద్దున మొదటి లాంచీల్లో ఒకటి పట్టుకోండి, పన్నెండులోపు తిరిగొచ్చేలా చూసుకోండి.

అక్టోబరు మొదటి వారం ఎంచుకోవడం మంచిదే. వానలు కడిగిన గాలి ఇంకా తేటగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున పూట పొగమంచు, దుమ్ము కలిసి కిలోమీటరు దూరంలోని ఓడ కూడా పాలలో ముంచినట్టు ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వానాకాలంలో గేట్‌వే-మాండ్వా లాంచీలు ఆపేస్తారు, ఎలిఫెంటావి కూడా సముద్రం బాగాలేని రోజుల్లో నడవవు.

లాంచీలో లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. 2024 డిసెంబరు 18న ఇదే నీళ్లలో ఎలిఫెంటా లాంచీకి జరిగిన ప్రమాదంలో ప్రాణాలు పోయాయి. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్న మనిషి రెయిలింగ్ కాడికి తెలియకుండానే జరుగుతాడు, తమ్ముడు మీ భుజం పట్టుకుని ఉండేలా చూసుకోండి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

---

బట్టమేక_పిట్ట (నందికొట్కూరు):

10x50 గురించి. ఆ బైనాక్యులర్ నేల మీద చాలా మంచిది, రోళ్లపాడు గడ్డిలో పిట్టల్ని చూసేందుకు ఇంకేమీ అక్కర్లేదు. లాంచీలో మాత్రం ఏడుపే. పది రెట్లు పెద్దగా చూపించేది మీ చెయ్యి వణుకును కూడా పది రెట్లు పెద్దది చేస్తుంది. దానికి ఇంజన్ అదురు, అల ఊపు తోడైతే నంబరు గాల్లో గీసిన గీతలా కనపడుతుంది. నీళ్ల మీద 7x50 వాడేది అందుకే. అది దొరక్కపోతే 8x42. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 7x50కి ఏడు, 8x42కి అయిదుంపావు, మీ 10x50కి అయిదు. ఆ చుక్క ఎంత వెడల్పుంటే లాంచీ ఊగినా బొమ్మ నల్లబడకుండా కంట్లో అంత నిలబడుతుంది.

కొత్తది కొనలేకపోతే 10x50 తోనే పోండి, పట్టుకునే తీరు మార్చండి. అందరూ చేసే తప్పు మోచేతుల్ని రెయిలింగ్ మీద ఆనించడం. ఇంజన్ అదురంతా ఇనుప కడ్డీలోంచి మోచేతికి, అక్కడి నుంచి అద్దానికి ఎక్కుతుంది. క్యాబిన్ గోడకు వీపు ఆనించినా అంతే. రెయిలింగ్‌కు ఒక అడుగు దూరంలో కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వదులు చేసి, మోచేతులు రెండూ డొక్కలకు గట్టిగా నొక్కి నిలబడాలి. అప్పుడు అదురును మోకాళ్లు మింగేస్తాయి. కూచున్న చోటి నుంచి చూడాల్సి వస్తే బల్ల మీద కాకుండా ఒళ్లో బ్యాగు పెట్టుకుని దాని మీద మోచేతులు ఆనించండి.

సాధన మన దగ్గరే చేయొచ్చు. పల్లెవెలుగు బస్సు వెనక సీట్లో కూచుని 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎదురొచ్చే లారీల నంబర్లు బైనాక్యులర్‌తో చదవండి. లెక్క ఇట్లా. లారీ నంబరు పలక మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. ఓడ మీద నంబరు రెండు మీటర్ల ఎత్తు అనుకుంటే, కిలోమీటరుంపావు దూరంలో అది కంటికి నలభై మీటర్ల దూరంలోని లారీ నంబరంతే ఉంటుంది. నాలుగు కిలోమీటర్లలో అయితే నూటముప్పై మీటర్ల దూరంలోని లారీ నంబరు. కదిలే బస్సులోంచి నూటముప్పై మీటర్ల దూరం నంబరు చదవగలిగితే లాంచీలో మీకు తిరుగుండదు. మూడు ప్రయాణాలు చాలు, చెయ్యి కుదురుతుంది.

ఉప్పునీటి తుంపర అద్దం మీద పడితే చొక్కా అంచుతో తుడవొద్దు. ఎండిన ఉప్పు రవ్వలు అద్దం మీది పూతను గీరేస్తాయి. మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ముందు ఉప్పు కరిగించి, తర్వాత పొడి గుడ్డ వాడాలి. రెండు గుడ్డలు, అర లీటరు మంచినీళ్లు సంచిలో పెట్టుకోండి.

---

గండికోట_గాలి (జమ్మలమడుగు, కడప జిల్లా):

అసలు విషయానికి వద్దాం. నంబరు చదివితే చాలనుకుంటారు, నేను తలకిందులుగా చెప్తాను. ముందు ఆకారం చదవండి, నంబరు చివరకు. ఎందుకంటే డాక్‌యార్డులో ఓడలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. బయటి ఓడ లోపలి ఓడ నంబరును మూసేస్తుంది. మరమ్మతులో ఉన్నదాని మీద నంబరే ఉండకపోవచ్చు, రంగు గీకేసి ఎర్రటి ప్రైమర్ కొట్టి ఉంటారు, చుట్టూ పరంజా, టార్పాలిన్లు. కనపడేది మాస్టు, పొగగొట్టాలు, ముందరి గన్ను ఇవే. వాటితోనే తరగతి తేల్చేయొచ్చు.

పొడవుతో మొదలుపెట్టండి. మీరు వచ్చే రైలు పెట్టె ఒకటి దగ్గర దగ్గర 24 మీటర్లు. డెస్ట్రాయర్లు మూడు తరగతులవీ, అంటే ఢిల్లీ, కోల్‌కతా, విశాఖపట్నం తరగతులు, 163 మీటర్లు, దాదాపు ఏడు పెట్టెలు. కొత్త నీలగిరి తరగతి ఫ్రిగేట్ 149, ఆరు పెట్టెలు దాటుతుంది. శివాలిక్ 142. తల్వార్ తరగతి 125, అంటే అయిదు పెట్టెలే. విమానవాహక నౌక వచ్చిందంటే అడగాల్సిన పనే లేదు, విక్రాంత్ 262 మీటర్లు, విక్రమాదిత్య 284, పదకొండు పన్నెండు పెట్టెల రైలు నీళ్ల మీద నిలబడినట్టుంటుంది, ముక్కు పైకి వంగి ఉంటుంది. పక్కపక్కన కట్టిన రెండు ఓడల్లో పొడుగు పొట్టి తేడా చూసినా సగం పని అయిపోతుంది.

తర్వాత పొగగొట్టాలు లెక్కపెట్టండి. పైన చెప్పిన డెస్ట్రాయర్లకు ముందొకటి వెనకొకటి రెండు. తల్వార్, శివాలిక్, నీలగిరి ఫ్రిగేట్లకు ఒకటే.

ఇప్పుడు మాస్టు. కోల్‌కతా, విశాఖపట్నం, నీలగిరి తరగతులకు ముందరి మాస్టు గోపురంలా కట్టి, దాని పైభాగంలో నాలుగు పక్కలా చదునైన పలకలు అతికించినట్టు ఉంటాయి. అది ఎంఎఫ్-స్టార్ రాడార్, తిరగదు, నాలుగు దిక్కులూ ఒకేసారి చూస్తుంది. పక్క నుంచి చూసేటప్పుడు ఒకటి రెండు పలకలు తప్పకుండా కనపడతాయి, పొద్దున ఎండలో వాటి అంచు మెరుస్తుంది. ఢిల్లీ, తల్వార్, శివాలిక్ తరగతులకు ఆ పలకలు లేవు, తిరిగే రాడార్లు మాస్టుల మీద కనపడతాయి. ఓడ రేవులో కట్టేసి ఉంటే అవీ ఆగిపోయే ఉంటాయి కాబట్టి "తిరగడం లేదు కదా, ఇది కొత్తదే" అనుకోవద్దు. ఆకారం చూడండి: జల్లెడ లాంటి వంపు తిరిగిన చట్రం వేరు, గోడకు అతికించిన పలక వేరు.

ముందు డెక్కు మీదికి రండి. ముక్కు నుంచి కొంచెం వెనక్కి మొదట గన్ను. దాని వెనక ఒంటి చెయ్యి పైకెత్తినట్టు ఒక కమ్మీ నిలబడి ఉందా? అది పాత పద్ధతి విమాన విధ్వంసక క్షిపణి లాంచరు. ఢిల్లీ, శివాలిక్ తరగతులకూ, తల్వార్ తరగతిలో మొదటి ఆరు ఓడలకూ ఉంటుంది. లేదా ఆ చోటు చదునుగా, ఏమీ లేనట్టు, చిన్న చిన్న మూతల వరసలతో ఉందా? అయితే కోల్‌కతా, విశాఖపట్నం, నీలగిరిల్లో ఒకటి, లేదా తల్వార్ తరగతిలో కొత్తగా వచ్చిన తుషిల్, తమాల్. క్షిపణులు డెక్కు కింద నిలువు గొట్టాల్లో ఉంటాయి. ఢిల్లీ తరగతిని ఇంకో గుర్తుతో పట్టేయొచ్చు: బ్రిడ్జికి (ఓడను నడిపే గదికి) రెండు పక్కలా బయటికి ఏటవాలుగా పొడుచుకొచ్చిన గొట్టాల కట్టలు. వాటిని ఒక్కసారి చూస్తే మళ్లీ మరిచిపోరు.

తల్వార్‌కూ శివాలిక్‌కూ ముందుభాగం ఒకే రకంగా ఉంటుందని ఇబ్బంది పడతారు. అప్పుడు వెనక్కి చూడండి. శివాలిక్ హ్యాంగర్ వెడల్పు, రెండు హెలికాప్టర్లకు సరిపడా. తల్వార్‌ది ఒకదానికి. శివాలిక్ పక్కలు మొత్తం ఒకే గోడలా నునుపుగా పోతాయి, తల్వార్ కొంచెం చెదురుమదురుగా ఉంటుంది.

పేర్లలో ఒక వరస ఉంది, నోటికి తొందరగా వస్తుంది. పై మూడు తరగతుల డెస్ట్రాయర్లవీ ఊళ్ల పేర్లు: ఢిల్లీ, మైసూర్, ముంబై, కోల్‌కతా, కొచ్చి, చెన్నై, విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్. తల్వార్ తరగతి పేర్లన్నీ 'త' తోనే మొదలవుతాయి: తల్వార్, త్రిశూల్, తబర్, తేగ్, తర్కష్, త్రికాండ్, కొత్తగా తుషిల్, తమాల్. శివాలిక్, నీలగిరి తరగతులవి కొండల పేర్లు. జలాంతర్గాముల్ని విధ్వంసం చేసే కమోర్తా తరగతి కార్వెట్లవి (ఫ్రిగేట్ కంటే చిన్న యుద్ధనౌకలవి) దీవుల పేర్లు, అవి విశాఖ వైపు ఉంటాయి.

అన్నీ అయినాక నంబరు. డి అంటే డెస్ట్రాయర్, ఎఫ్ ఫ్రిగేట్, ఆర్ విమానవాహక నౌక, ఎల్ సైన్యాన్ని ఒడ్డుకు దింపే ఓడ, ఎ ఇంధనం మోసే ఓడలు, శిక్షణ ఓడలు, జె సర్వే ఓడ, కె క్షిపణి పడవలు, పి కార్వెట్లు, గస్తీ ఓడలు. ఎఫ్ 40 తల్వార్, ఎఫ్ 47 శివాలిక్, ఎఫ్ 33 నీలగిరి, డి 63 కోల్‌కతా, డి 61 ఢిల్లీ. ఇవి అయిదూ కంఠతా పట్టండి, మిగతావి వాటి చుట్టూ అల్లుకుంటాయి.

పాత జాబితాలు నమ్ముకోవద్దు. నెట్‌లో తిరిగే పట్టికల్లో గోదావరి, గోమతి ఇంకా కనపడతాయి. గోదావరి 2015 డిసెంబరులో, గోమతి 2022 మేలో విరమించాయి. ఖుక్రీ 2021లో పోయింది, కిర్పాణ్‌ను 2023లో వియత్నాంకు ఇచ్చేశారు. కొత్తవేమో తొందరగా చేరుతున్నాయి: 2025 జనవరి 15న ఒక్కరోజే ముంబైలో సూరత్, నీలగిరి, జలాంతర్గామి వాగ్‌షీర్ మూడూ చేరాయి. అదే ఏడాది ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి. పోయే ముందు వారం మీ పట్టికను ఒకసారి సరిచూసుకోండి.

---

ఆదోని_పత్తి:

ఫోటో ఎందుకు వద్దో చెప్తాను, ఇది భయపెట్టడానికి కాదు. నావికాదళం డాక్‌యార్డు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం. దాని బొమ్మ గీయడం, నక్షా తయారు చేయడం కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. "నేను సరదాగా తీశాను" అన్న మాటను అక్కడ ఎవరూ వినాల్సిన పనిలేదు, ఫోన్ తీసుకుంటారు, రోజంతా కూచోబెడతారు. లాంచీ సిబ్బంది అరవకపోయినా, పక్కవాళ్లు తీస్తున్నా మీరు తీయొద్దు. డ్రోన్ అనే మాటే వద్దు.

కెమెరా లేకపోతేనే ఈ పని బాగా వస్తుంది, నమ్మండి. ఫోటో తీసేవాడు తెర చూస్తాడు, ఓడను చూడడు. పది నిమిషాల్లో ఎనిమిది ఓడలు దాటితే ఒక్కోదానికి దక్కేది నిమిషం చిల్లర. ఆ నిమిషంలో పొడవు, పొగగొట్టాలు, మాస్టు, ముందరి డెక్కు, వెనక హ్యాంగర్, నంబరు అని ఒకే వరసలో కన్ను తిప్పి, చూసింది చూసినట్టు తమ్ముడికి పైకి చెప్పండి, ఆయన రాసుకుంటారు. చూసేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు. ఇద్దరూ చూస్తే ఇద్దరికీ సగమే గుర్తుంటుంది. పెన్సిల్ వాడండి, పెన్ను సిరా తుంపరకు కరిగిపోతుంది.

రాసుకునేది కూడా తరగతి, నంబరు, మీకు ఎంత నమ్మకం అన్నంత వరకే. ఏ ఓడ ఏ గట్టుకు కట్టి ఉంది, ఏ రోజు ఎన్ని గంటలకు బయటికి పోయింది, ఇవి కాగితం మీదా వద్దు, వాట్సాప్ స్టేటస్‌లోనూ వద్దు. ఆ ఓడల మీద మన జిల్లాల పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ల కదలికలు ఊరందరికీ తెలియాల్సిన పనిలేదు. మూణ్ణెల్ల తర్వాత ఇక్కడికి వచ్చి "నీలగిరి తరగతి చూశాం, పలకలు స్పష్టంగా కనపడ్డాయి" అని రాయండి, మాకూ సంతోషమే.

ఓడల కదలికలు చూపించే ఫోన్ యాప్‌ల మీద ఒక మాట. తాము ఎక్కడున్నదీ రేడియోలో చెప్పే పరికరం సరుకు ఓడలకు తప్పనిసరి, యాప్ చూపించేది దాన్నే, యుద్ధనౌకలకు ఆ నియమం వర్తించదు. అందుకని ఆ యాప్ తిరగేసి వాడాలి: తెర మీద కనపడేవన్నీ సరుకు ఓడలు, టగ్గులు, చమురు బావుల పడవలు అని కొట్టేసుకుంటే మిగిలినవాటి మీద దృష్టి పెట్టొచ్చు.

---

పెన్నా_గట్టు:

అందరికీ చేతులెత్తి మొక్కతాండా. ఫోటో ఆలోచన మానేసినాం. పల్లెవెలుగు సాధన నిన్న ధర్మవరం రోడ్డు మీద మొదలుపెట్టినాం, ఎనభై మీటర్ల దాకా చదవగలుగుతాండా.

రెండు అనుమానాలు మిగిలినాయి. మసకలో 60, 66, 68 ఒకే మాదిరి కనపడతాయేమో, అప్పుడెట్లా? ఇంగ తెల్లటి ఓడలు కూడా ఉంటాయంట, అవి నేవీవేనా?

---

గండికోట_గాలి:

మంచి ప్రశ్న. సరిగ్గా ఆ మూడు అంకెల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఆకారం ముందు చదవమన్నది ఇందుకే. డి 60 అంటే మైసూర్, ఢిల్లీ తరగతి. డి 66 విశాఖపట్నం, డి 68 ఇంఫాల్, రెండూ విశాఖపట్నం తరగతి. బ్రిడ్జి పక్కన గొట్టాల కట్టలు, ముందు ఒంటిచెయ్యి లాంచరు ఉంటే అది 60, ఇంకో మాట లేదు. మాస్టు మీద పలకలు ఉంటే 60 కానే కాదు. అట్లాగే 63 అని చదివి 68 అనుకోవడం కూడా మామూలే. 63 కోల్‌కతా, దాని అన్నదమ్ముల తరగతే కాబట్టి పలకలతో తేలదు. అప్పుడు బ్రిడ్జి చూడండి, విశాఖపట్నం తరగతిలో బ్రిడ్జి ముందుభాగాన్ని దిద్ది ఇంకా నునుపు చేశారు.

66కూ 68కీ మధ్య తేల్చాలంటే ఓడ వెనక భాగంలో పేరు చూడండి. దేవనాగరిలో రాసి ఉంటుంది. అక్షరాలు చదవలేకపోయినా పొడవు చూస్తే చాలు: విశాఖపట్నం అన్నది పొడుగాటి గీత, ఇంఫాల్ చిన్న ముక్క. నంబరు కంటే పేరు పొడవు మసకలో నిలబడుతుంది. ఇదే పద్ధతి ఎఫ్ 33కీ ఎఫ్ 39కీ పనికొస్తుంది. 33 నీలగిరి, 149 మీటర్లు, పలకల మాస్టు. 39 బేత్వా, పాత బ్రహ్మపుత్ర తరగతి, 126 మీటర్లు, పలకలు లేవు. ఇక్కడ పేరు దాకా పోనక్కర్లేదు.

అప్పటికీ తేలకపోతే "విశాఖపట్నం తరగతి, 66 లేదా 68" అని రాసి వదిలేయండి. ఊహించి ఒకటి రాసేస్తే ఆ పుస్తకంలో మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

తెల్ల ఓడలు రెండు రకాలు. ముక్కు దగ్గర పక్కన ఏటవాలుగా నారింజ రంగు వెడల్పు పట్టీ, దాని పక్కన సన్నటి నీలం పట్టీ ఉంటే అది కోస్ట్ గార్డ్, నేవీ కాదు. పట్టీ లేకుండా తెల్లటి ఒళ్లు, పసుపుపచ్చ పొగగొట్టం ఉంటే నేవీ వాళ్ల సర్వే ఓడ, సముద్రం అడుగు కొలిచేది.

---

కొండారెడ్డి_బురుజు:

దానికి జెండాలు కలుపుతాను, ఎందుకంటే వెనక నుంచి చూసినప్పుడు నంబరు కంటే జెండా ముందు తెలుస్తుంది. వెనక చివర కర్రకు తెల్ల జెండా, మూలలో మూడు రంగులు, పక్కన నీలం అష్టభుజి ఉంటే నేవీ. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్‌ను దళంలో చేర్చిన రోజే ఈ కొత్త జెండా వచ్చింది. ఎర్ర శిలువ ఉన్న జెండా పాత ఫోటోల్లోదే, దానితో పోల్చుకోవద్దు. నీలం జెండా అయితే కోస్ట్ గార్డ్. ఎర్ర జెండా అయితే మన సరుకు ఓడ. వేరే దేశపు యుద్ధనౌక అతిథిగా వచ్చి ఉంటే దాని సొంత జెండా వెనక ఉంటుంది, ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. రేవులో ఉన్న నేవీ ఓడలు ఉదయం 8కి జెండా ఎగరేసి పొద్దుగుంకేటప్పుడు దించుతాయి, అంతకు ముందు పోతే కర్ర ఖాళీగా ఉంటుంది.

గేట్‌వే నుంచి బయటికి రాగానే దగ్గర్లో రాతి కోటలాంటి చిన్న దీవి, మిడిల్ గ్రౌండ్, అదీ నేవీదే. ఇంకా ముందుకు పోతే ఎడమ పక్క జవహర్ దీవి, చమురు ఓడలు ఆనుకుని ఉంటాయి. బూడిద రంగు ఓడ కనపడంగానే యుద్ధనౌక అని రాసుకోవద్దు, చమురు బావులకు సామాను మోసే పడవలు కూడా ఆ రంగులో ఉంటాయి. వాటికి ముందుభాగం ఎత్తుగా, వెనక మొత్తం ఖాళీ బల్లలా ఉంటుంది.

మధ్య నీళ్లలో నిలబడిన ఓడ ముందుభాగంలో నల్లటి బంతి ఒకటి వేలాడుతుంటే అది లంగరు వేసుకుని ఉందని అర్థం. ఇక తొందర లేదు, లాంచీ చుట్టూ తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటుంది. బంతి, వజ్రం ఆకారం, బంతి ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటే అది పక్కకు తప్పుకోలేని పనిలో ఉంది. తవ్వోడ అయ్యుండొచ్చు. ఎర్ర జెండా ఒకటి విడిగా మాస్టుకు ఎగురుతుంటే మందుగుండో ఇంధనమో ఎక్కిస్తున్నారని. లాంచీవాళ్లు అప్పుడు దూరంగా పోతారు, మీ దారి కొంచెం మారుతుంది.

ఆటుపోట్ల సమయం కూడా చూసుకోండి. ముంబైలో పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల నీటి మట్టం నాలుగు అయిదు మీటర్లు పైకీ కిందికీ పోతుంది. ఆటు మీద పోతే గట్టుకు కట్టిన ఓడలు అంత కిందికి దిగిపోయి ఉంటాయి, మీ లాంచీ కూడా దిగిపోతుంది కాబట్టి గోడ వెనకున్న వాటి నంబర్లు మూసుకుపోతాయి. పోటు మీద పోతే అవి పైకి లేచి కనపడతాయి. పొద్దున ఎండ, పోటు రెండూ కలిసే రోజు దొరికితే దాన్ని వదలొద్దు.

---

బట్టమేక_పిట్ట:

ముంబై దాకా పోలేనివాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. విశాఖలో ఆర్కే బీచ్ మీద కుర్సురా జలాంతర్గామి ఉంది, 1969లో దళంలో చేరి 2001లో విరమించింది, 2002 నుంచి ప్రదర్శనశాల. జలాంతర్గామి నీళ్ల మీద ఎంత భాగం కనపడుతుందో, ఎంత దాక్కుంటుందో అక్కడ చూసి వస్తే రేవులో నల్లటి వీపు, మధ్యలో నిలువు గూడు కనపడగానే పోల్చుకుంటారు. అదే బీచ్ నుంచి లంగరు వేసిన యుద్ధనౌకలు కూడా తరచూ కనపడతాయి, కానీ విశాఖలో మీరు ఓడలకు పడమర పక్కన ఉంటారు. కాబట్టి అక్కడ ముంబైకి తలకిందులు: పొద్దున నీడ బొమ్మలు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఓడల మీద పడుతుంది.

పెన్నా_గట్టు గారూ, ఎనభై మీటర్లంటే బాగానే ఉంది. అనంతపురం నుంచి గుంతకల్లు పోయే రోడ్డు గతుకులు ఎక్కువ, అక్కడ ప్రయత్నించండి. అక్కడ వంద మీటర్లు చదివితే ఎలిఫెంటా లాంచీ మీకు సిమెంటు రోడ్డులా ఉంటుంది. బయలుదేరే ముందు రోజు రాత్రి బైనాక్యులర్ ఎడమ కంటికి ఒకసారి, కుడి కంటికి ఒకసారి విడివిడిగా సర్ది, ఆ గీత దగ్గర చిన్న టేపు ముక్క అతికించండి. లాంచీలో చేతులు మారినప్పుడు అది తిరిగిపోతుంది, మళ్లీ సర్దుకునేలోపు రెండు ఓడలు దాటిపోతాయి.